మరియమ్మ పండుగకు ముందు రోజు

జనవరి 12, 1942, సోమవారం

డబ్లిన్ నుంచి పెద్ద కవరు వచ్చింది. పాత ఆచారాలు పోగుచేసే ఆఫీసు వాళ్ళది. ఫిబ్రవరి ఒకటిన వచ్చే బ్రిజిడ్ పండుగ మీద ఇరవై మూడు ప్రశ్నలు, జవాబులు రాయడానికి ఒక నోటుపుస్తకం. మీ ఊళ్ళో తుంగతో శిలువలు ఎలా అల్లుతారు? పండుగ ముందు సాయంత్రం వాకిట్లో గుడ్డ పరుస్తారా? ఆ గుడ్డ దేనికి వాడతారు? నాలుగో ప్రశ్న: ఈ పండుగ ఎలా పుట్టిందని మీ పెద్దవాళ్ళు చెబుతారు?

చివర కింద గీత గీసి మరీ రాశారు. పుస్తకాల్లో చదివింది వద్దు, వయసు మళ్ళినవాళ్ళ నోట విన్నదే కావాలట.

మా మీన్‌బాన్‌లో వయసు మళ్ళి, మతి మళ్ళనిది ఒక్కతే ఉంది. దాని గడప తొక్కను.

జనవరి 13

తొక్కను.

జనవరి 15, గురువారం

మధ్యాహ్నం ఫాదర్ డెవెనీ సైకిలు మీద బడికి వచ్చారు. ఈ బడికి మేనేజరు కూడా ఆయనే కాబట్టి తలుపు కొట్టే అలవాటు లేదు. ప్రశ్నలు చదివి నవ్వారు.

"ఇందులో కష్టమేముంది మిస్ కరన్? పునీత బ్రిజిడమ్మ పదిహేను వందల ఏళ్ళ కిందటి మనిషి. కిల్డేర్‌లో మఠం కట్టింది. పేదలకు వెన్నా పాలూ పంచింది. ఫిబ్రవరి ఒకటిన కన్నుమూసింది, అందుకని ఆ రోజు పండుగ. రాసేయండి, అయిపోతుంది."

"తల్లి దాసి అనీ, తండ్రి ఆ దాసిని కొనుక్కున్న దొర అనీ కూడా చదివాను ఫాదర్."

"అది రాయనక్కర్లేదు. ఎవరో అడవి దేవతకు బ్రిజిడ్ అని పేరుండేదనీ, గొర్రెలు పాలకొచ్చే రోజుల్లో ఆవిడకి పండుగ చేసేవాళ్ళనీ డబ్లిన్ మేధావులు అంటారు చూడండి, అదీ అక్కర్లేదు. మీరు పంపే ముందు ఒకసారి నాకు చూపించండి."

అలాగే అన్నాను. నాక్కూడా కావలసింది అదే. శుభ్రమైన జవాబు.

జనవరి 18, ఆదివారం

పూజ అయ్యాక చర్చి గోడ దగ్గర ముసలివాళ్ళని అడిగాను. మిక్కీ డఫ్‌కి వినపడదు. వాళ్ళావిడ అంది, "మమ్మల్నెందుకు అడుగుతావ్ టీచరమ్మా? నాప్లా ఉందిగా. పండుగ సంగతులన్నీ దాని కడుపులో ఉన్నాయి."

నలుగురిని అడిగితే నలుగురూ ఆ పేరే. చెప్పి చటుక్కున నా మొహంలోకి చూస్తారు. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఊరు నన్ను అలా చూస్తూనే ఉంది, జాలిగా. నా చెల్లెలు పోయిందని జాలి.

జనవరి 19

ఇది నా పుస్తకం, ఇంకెవరూ చదవరు, కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. నా చెల్లెలు రోషాని చంపింది నాప్లా. కత్తితో కాదు, గుడ్డతో.

1923, జనవరి 31. రోషాకి ఇరవై ఒకటి. పెళ్ళి కాలేదు. పొద్దున్నే నొప్పులొచ్చాయి. అప్పట్లో ఈ కొండవాలు మొత్తానికీ మంత్రసాని నాప్లాయే. బిడ్డ అడ్డం తిరిగింది. నాప్లా డాక్టరు కోసం చూడకుండా, బ్రిజిడ్ గుడ్డ తెచ్చి రోషా పొట్ట మీద పరిచి జపం చేస్తూ కూర్చుంది. ముందటేడు పండుగనాడు బ్రిజిడ్ వచ్చి తాకిన గుడ్డట. మురికి పట్టిన తెల్ల గుడ్డ! మధ్యాహ్నానికి ఇద్దరూ పోయారు.

ఆ మాట నేను కల్పించింది కాదు. డాక్టరుని పిలవలేదని, గుడ్డనే నమ్ముకున్నానని నాప్లాయే నలుగురి ముందూ చెప్పింది. అప్పటి ఫాదర్ ప్రసంగంలో దాని పేరెత్తి చీవాట్లు పెట్టారు. ఆ తర్వాత దాన్ని ఏ ఇంటికీ పురుడు పొయ్యడానికి పిలవలేదు. ఫిర్యాదు ఉత్తరం నేనొక్కదాన్నే రాసింది కాదు, కింద పదకొండు సంతకాలున్నాయి.

డాక్టరు ఉండేది నది అవతల. వంతెన లేదు. అంతర్యుద్ధంలో పేల్చేశారు. అందరికీ తెలుసు.

జనవరి 21, బుధవారం

వెళ్ళాను. పని కాబట్టి వెళ్ళాను.

రెండు ముక్కల తలుపులో కింది సగం మీద మోచేతులు ఆనించి నిలబడి ఉంది నాప్లా. డెబ్భై ఆరేళ్ళు. వీపు వంగింది కానీ నోరు వంగలేదు.

"ఓహో, టీచరమ్మా! దారి తప్పావా, బుద్ధి తప్పావా?"

"డబ్లిన్ వాళ్ళకి బ్రిజిడ్ పండుగ గురించి కావాలి. నువ్వు చెబితే రాసుకుంటాను. అంతే పని."

"నేను చెప్పేవి అనాగరికపు మాటలు కదా? ఉత్తరంలో అట్లాగే రాశారంట. 'అనాగరికపు చింకిపాత.' ఎవరి చేతిరాతో గానీ ముత్యాల్లా ఉందన్నారు."

తలుపు తీసింది. లోపల పొయ్యిలో పీట్ గడ్డలు, ఎండబెట్టిన బురదమట్టివి, పొగ కక్కుతున్నాయి. కోళ్ళు నా కాళ్ళ మధ్యే తిరిగాయి. టీ ఇవ్వలేదు. ఈ రేషను రోజుల్లో ఎవరు మాత్రం ఇస్తారు, అయినా ఆ టీ నేను తాగేదాన్ని కాదు. పండుగ ఎలా పుట్టిందని అడిగాను. ఫాదర్ చెప్పింది ముందు చదివి వినిపించాను.

"దొరా దాసీ ఏమయ్యారు?"

"అది అవసరం లేదు."

"ఎందుకుంటుంది! పెళ్ళికాని పిల్లకి పుట్టిన బిడ్డ పునీతురాలైతే పండుగ చేస్తారు. మన వీధిలో పుడితే మాత్రం కిటికీలు మూస్తారు."

కలం మూసి లేవబోయాను. "కూర్చో, చెప్తా," అంది. చెప్పింది. దాని మాటల్లోనే రాస్తున్నాను.

"మరియమ్మకి పురుడు పోసింది బ్రిజిడే. సత్రంలో పనిపిల్ల తను. నలభై రోజులయ్యాక మరియమ్మ బిడ్డనెత్తుకుని గుడికి వెళ్ళాలి. దారి పొడుగునా జనం. చిన్నపిల్ల కదా, పదిహేనేళ్ళది. అన్ని కళ్ళు చూసేసరికి అడుగు పడలా. 'నా వల్ల కాదే, వాళ్ళు నన్నే చూస్తున్నారు' అని ఏడ్చింది. బ్రిజిడ్ ఏం చేసిందీ? పొలంలోంచి దంతె తెచ్చి తలకిందులు చేసి, పళ్ళకి వరసగా కొవ్వొత్తులు గుచ్చి, వెలిగించి, నెత్తిన పెట్టుకుని రోడ్డు మధ్యన గంతులేసింది. జనమంతా 'చూడండ్రా పిచ్చిదాన్ని' అని దాని వెంట పడ్డారు. రాళ్ళు కూడా వేశారు. ఇటు మరియమ్మ గోడ వారగా బిడ్డతో గుడికి చేరింది. ఒక్కడు చూడలా. వచ్చేటప్పుడు మరియమ్మ అంది, 'నా పండుగ రెండో తారీకు. నీది నాకంటే ఒక రోజు ముందు ఉండనీ. నువ్వు ముందు నడిచావు కాబట్టి.' ఇదే పుట్టుక. మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ దానికి చెప్పింది."

"బెత్లెహేముకీ బ్రిజిడ్‌కీ మధ్య నాలుగు వందల యాభై ఏళ్ళు నాప్లా. సముద్రం కూడా ఉంది."

"లెక్కలు బళ్ళో చెప్పుకో. సిగ్గుతో చచ్చిపోతున్న పిల్లకి అడ్డం నిలబడ్డానికి ఏళ్ళు లెక్కపెడతారా ఎవరైనా?"

ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను. పొగ వాసన పోలేదు.

జనవరి 22

కథ బాగుందని ఒప్పుకోవాలి. ఫాదర్ ఒప్పుకోరు.

జనవరి 24, శనివారం

గుడ్డ గురించి ఆరు ప్రశ్నలు మిగిలిపోయాయి. మళ్ళీ వెళ్ళాను.

తలనొప్పికి నుదుటికి కడతారు. దూడ అడ్డం తిరిగితే ఆవు నడుం మీద వేస్తారు. "ఆడవాళ్ళ పురిటికి?" అని అడగాల్సింది నేను. పదహారో ప్రశ్న. అడగలేదు. నాప్లాయే అంది.

"పురిటి సంగతి రాయవా?"

"అది నాకు తెలుసు."

"నీకేం తెలుసు? నువ్వు గదిలో లేవుగా."

"నువ్వు డాక్టరుని పిలవలేదు. నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావ్!" అరిచాను. పంతొమ్మిదేళ్ళలో ఎవరి మీదా అరవలేదు, బళ్ళో పిల్లల మీద తప్ప.

అది అరవలేదు. ఉడికిన బంగాళదుంప పొట్టు తీస్తూనే అంది, "మూడు సార్లు నిన్నే పంపాను, ఉనా. తెల్లారగానే ఒకసారి. అప్పుడు నువ్వు పెరట్లోకెళ్ళి తిరిగొచ్చావు. రెండోసారి వాకిట్లోకెళ్ళి వచ్చావు. మూడోసారి నెట్టాను, గుర్తుందా, భుజం పట్టుకుని బయటికి నెట్టాను. గంటకొచ్చి వంతెన లేదన్నావు."

"వంతెన లేదు."

"పేల్చింది సెప్టెంబరులో. క్రిస్మసుకి ముందే పలకలు వేశారు. మా ఆయన ఓవిన్ ఆ రోజే, నువ్వు వచ్చాక, దాని మీంచే నడిచెళ్ళి డాక్టరుని తెచ్చాడు. అప్పటికి ఆలస్యమైంది. గుడ్డ ఎప్పుడు వేశానో తెలుసా? ఇంక చెయ్యడానికేమీ లేనప్పుడు వేశాను. చలికి వణుకుతోందని వేశాను."

"అబద్ధం."

"సరే అయితే. అబద్ధమనే రాసుకో. నీకు రాత వచ్చుగా."

జనవరి 25, ఆదివారం

వంతెన లేదు.

జనవరి 26

పలకలు వేశారేమో. కానీ వాటి మీద నడవడం ప్రమాదం. మంచు పట్టి ఉంటుంది. ఎవరైనా అదే చేసేవారు.

జనవరి 27

బళ్ళో కేటీ గాలహర్‌ని ఊరికే కొట్టాను. చేతి మీద మూడు దెబ్బలు. స్పెల్లింగు తప్పని చెప్పాను. తప్పు లేదు.

జనవరి 29

నాప్లా చెప్పింది నిజమైతే, నలుగురి ముందూ అలా ఎందుకు ఒప్పుకుంది? నిజమైతే ఎవరూ అలా చెయ్యరు. కాబట్టి నిజం కాదు. ఇది తర్కం.

ఓవిన్ చచ్చి పదకొండేళ్ళు. అడగడానికి లేడు.

జనవరి 31, శనివారం

ఈ రోజు.

పొద్దున చర్చికి వెళ్ళలేదు. రాసి పారేస్తాను.

పంతొమ్మిదేళ్ళ కిందట ఇదే రోజు నేను వంతెన దాకా వెళ్ళాను. ఆరు పలకలు. పక్కన తాడు కూడా కట్టారు. ఒక రైతు గాడిదని నడిపించుకుంటూ ఇటు దాటాడు. నాకు టోపీ ఎత్తి, "శుభోదయం మిస్ కరన్, పొద్దున్నే ఎక్కడికి?" అన్నాడు. ఆ ముందు వారమే నాకు బడి పెద్ద టీచరుగా ఉత్తర్వు వచ్చింది. డాక్టరు భార్య అప్పటి ఫాదర్‌కి అక్క. ఆమెకి తెలిస్తే సాయంత్రానికి ఆయనకి తెలుస్తుంది. ఏడు నెలలుగా రోషాని వెనక గదిలో దాచాం, నేనూ నాన్నా. ఆ రైతుకి, "ఊరికే, గాలికి వచ్చాను," అని చెప్పాను. అతను వెళ్ళేదాకా నది వైపు చూస్తూ నిలబడ్డాను. తర్వాత కూడా నిలబడ్డాను. తర్వాత వెనక్కి నడిచాను.

పురుళ్ళన్నీ నాప్లాయే చేస్తుంది కదా, ఇదీ అయిపోతుంది అనుకున్నాను. అలా అనుకున్నానా? ఇప్పుడు అనుకుంటున్నానా? తెలియదు.

ఫిర్యాదు ఉత్తరం రాసింది నేనే. పదకొండు మంది ఇళ్ళకి తీసుకెళ్ళి సంతకాలు పెట్టించింది నేనే.

ఫిబ్రవరి 1, ఆదివారం. బ్రిజిడ్ పండుగ

నోటుపుస్తకం నింపాను. నాలుగో ప్రశ్నకి దంతె కథ మొత్తం, పేరుతో సహా: చెప్పినవారు నాప్లా, ఓవిన్ భార్య, డెబ్భై ఆరు. పదహారో ప్రశ్నకి ఇలా రాశాను: "పురిటి నొప్పులప్పుడు గుడ్డని స్త్రీ మీద కప్పుతారు. 1923లో ఈ ఊళ్ళో ఒక బాలింత చనిపోతే ఆ గుడ్డనీ మంత్రసానినీ నిందించారు. ఆ నింద అబద్ధం. మంత్రసాని మూడుసార్లు డాక్టరు కోసం పంపింది. పంపిన మనిషి వెళ్ళలేదు. వెళ్ళనిది ఇది రాస్తున్న నేనే, చనిపోయినామె అక్కని."

చదివి చూసుకున్నాను. ఒక్క తప్పు లేదు.

ఫిబ్రవరి 3, మంగళవారం

ఫాదర్ డెవెనీ నిలబడే చదివారు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ పేజీ చింపేయండి."

"పేజీలకి నంబర్లున్నాయి ఫాదర్."

"మీకు ఒంట్లో బాగాలేదు మిస్ కరన్. నాకు ముందున్న ఆయన ప్రసంగం తప్పని ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కిస్తారా? రేపు పిల్లల తల్లిదండ్రులు నన్నడిగితే ఏం చెప్పను? వాళ్ళ టీచరు... " ఆగిపోయారు.

"చెప్పండి ఫాదర్. వాళ్ళ టీచరు?"

"పాపసంకీర్తనానికి గది ఉంది. అక్కడ చెప్పుకోవాల్సింది అక్కడే చెప్పాలి."

"పంతొమ్మిదేళ్ళు ప్రతి నెలా ఆ గదికి వచ్చాను. ఇది తప్ప అన్నీ చెప్పాను."

ఈస్టరుకల్లా అనారోగ్యం కారణమని రాజీనామా ఇవ్వమన్నారు. ఇస్తానన్నాను. పుస్తకం ఆయన చేతిలోంచి నేనే లాక్కోవలసి వచ్చింది.

ఫిబ్రవరి 4

పోస్టు చేశాను. పోస్టాఫీసు బ్రైడీ కవరు తూచి, "బరువుంది టీచరమ్మా," అంది.

ఇంటికొస్తుంటే ఒళ్ళు తేలికగా ఉంది. నాప్లాకి చెప్పాలి. పంతొమ్మిదేళ్ళ తర్వాత ఒక మనిషికి పరువు తిరిగిస్తున్నాను. ఎంత పొగరుగా ఉన్నా సంతోషించకుండా ఉంటుందా?

ఫిబ్రవరి 5, గురువారం

బడి అయ్యాక వెళ్ళాను. రాసింది అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. రాజీనామా సంగతి కూడా. చివర కొంచెం ఆగాను. ఏదైనా అంటుందని.

నాప్లా పొయ్యి కెలుకుతున్న ఊచ పక్కన పడేసింది.

"ఎవరడిగారే నిన్ను?"

"నీ మీద పడ్డ నింద..."

"నా మీద పడ్డది నేను ఎత్తుకున్నదే. ఊళ్ళో అందరూ నన్ను తిట్టుకుంటూ కూర్చుంటే, వెనక గదిలో రోషాని ఎందుకు దాచారో, ఆ బిడ్డ తండ్రెవరో అడగడం మర్చిపోయారు. నీ జోలికొచ్చారా? మీ నాన్న ముద్ద తినగలిగాడా లేదా? నాకు కోళ్ళున్నాయి, అల్లిక ఉంది, బతికాను. ఇప్పుడు నీ ఒంటికి తేలిగ్గా ఉండాలని మళ్ళీ రోషాని రోడ్డు మీదికి లాక్కొచ్చావు. మహానుభావురాలివి! రేపటి నుంచి నన్ను చూసి జాలిపడతారు. తిట్లైనా నయం. జాలి నాకొద్దు."

"నిజం చెప్పాలి కదా నాప్లా."

"అంతా రాశావా?"

"అంతా రాశాను."

"పాప పేరు రాశావా?"

పాపకి పేరు లేదన్నాను. ఊపిరి లేకుండానే పుట్టిందని...

"అది నేను ఊరికి చెప్పిన మాట. ఊపిరి ఉంది. కాసేపు బతికింది. నా చేత్తో జ్ఞానస్నానం ఇచ్చాను. ఏం పేరు పెట్టనే రోషా అంటే, 'ఉనా అని పెట్టు, అక్క నా కోసం ఈ చలిలో డాక్టరు దగ్గరికి నడుస్తోంది' అంది. నువ్వప్పటికే వచ్చి వంటింట్లో కూర్చున్నావు. నేను దానికి చెప్పలా. ఆ తర్వాత పావుగంట కూడా లేదు. 'అక్క వచ్చాక తిట్టకు నాప్లా, పాపం అలిసిపోయి వస్తుంది' అంది. అందుకే తిట్టలా. పంతొమ్మిదేళ్ళు తిట్టలా. ఇంక పో."

కింది తలుపూ పై తలుపూ రెండూ మూసింది.

ఫిబ్రవరి 6

ఉనా.

ఫిబ్రవరి 7

రాయడానికి ఏమీ లేదు. హాజరు పట్టీలో కూడా తప్పు చేశాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

చర్చి దగ్గర ఎవరూ పలకరించలేదు. బ్రైడీ కవరు విప్పి చదివి ఉంటుంది, లేదా ఫాదర్ ఎవరితోనో అన్నారు. మిక్కీ డఫ్ భార్య నా పక్క బెంచీ మీంచి లేచి వెళ్ళిపోయింది. ఆ పదకొండు మందిలో బతికున్న నలుగురూ నా వంక చూడలేదు. వాళ్ళ సంతకాలు నా వల్ల అబద్ధమయ్యాయి కదా. కేటీ గాలహర్ తల్లి మాత్రం గేటు దగ్గర ఆపింది.

"మా పిల్లని ఎందుకు కొట్టారో చెప్పండి ముందు. మీ చెల్లెలి సంగతి మీ ఇష్టం."

కేటీ తప్పేమీ లేదని చెప్పాను. "అది మాకు తెలుసు," అని వెళ్ళిపోయింది.

అక్కడి నుంచి నేరుగా నాప్లా ఇంటికి నడిచాను. కిటికీలోంచి నన్ను చూసింది. తలుపు తీయలేదు. వాన మొదలైంది. వాకిట్లో నిలబడ్డాను. క్షమించమని అడగడానికి రాలేదని గట్టిగానే చెప్పాను. చాలాసేపటికి పై తలుపు తెరుచుకుంది.

"మరెందుకొచ్చావ్?"

"పాప గురించి అడగడానికి."

"ఇప్పుడా!"

"ఇప్పుడే."

నాప్లా తలుపు గడియ తీసింది. వచ్చి కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను. తను ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, కోర్టులో సాక్షిలా చెప్పింది. నేనొక్కొక్కటే అడిగాను. కాగితం తేలేదు. ఎంతసేపు బతికింది? పొయ్యి మీద దుంపలు మరగడం మొదలెట్టి ఉడికేంత సేపు. బరువెంత? కోడిపెట్టంత. జుట్టుందా? ఉంది, నల్లగా, తడిగా. ఏడ్చిందా? లేదు. ఎవరు ఎత్తుకున్నారు? "నేనే. ఇంకెవరున్నారు?"

కళ్ళు తెరిచిందా అని అడిగాను.

"ఒకటి తెరిచింది," అంది నాప్లా. "నీ చూపే. ఎదుటివాళ్ళ తప్పు పట్టినట్టు."

ఆ మాటకి ఇద్దరం నవ్వామని రాయాలనుంది. నవ్వలేదు. పొయ్యి సన్నగిల్లుతోంది. బయట కుప్పలోంచి ఒక బుట్టెడు పీట్ తెమ్మంది, అదీ నా వైపు చూడకుండానే. తెచ్చాను. తడివి తెచ్చావని తిట్టింది. మళ్ళీ వెళ్ళి అడుగు నుంచి పొడివి ఏరుకొచ్చాను.